మస్జిద్ బందర్: ఆ పేరులోని మస్జిద్ ఎవరిది?

బొంబాయి (నేటి ముంబయి) పెద్ద స్టేషను నుండి లోకల్ బండిలో బయలుదేరితే మొట్టమొదట వచ్చే స్టేషను పేరు 'మస్జిద్'. నిజాం రాజ్యం నుండి పనులకై వెళ్ళిన తెలుగువారి పేరున ఆ నగరంలో కామాఠీపురా వెలసినది గనుక, నారాయణఖేడ్ పాఠకునికి అది పరాయి ఊరు కాదు. ఆ పేరు వినగానే అక్కడ మనదేదో పురాతన మస్జిద్ ఉండియుంటుందని అనుకోవడం సహజం. అయితే స్టేషనుకు పేరు వచ్చినది ఒక యూదుల ప్రార్థనాలయం వలననే అని ప్రసిద్ధి.

కొంకణ తీరంలో బెనే ఇస్రాయీల్ అనే యూదులు తరతరాలుగా గానుగలు ఆడించి బ్రతికేవారు. శనివారం గానుగ కట్టరు గనుక ఇరుగుపొరుగు వారిని 'శనివార్ తేలీ' అని పిలిచేవారు. వారిలో సామ్యూల్ ఎజెకీల్ దివేకర్ కంపెనీ సైన్యంలో అధికారియై, రెండవ మైసూరు యుద్ధంలో (1780–84) బందీగా చిక్కాడు. అతడు బనీ ఇస్రాయీల్ వాడని తెలిసి, ఖుర్‌ఆన్‌లో ప్రస్తావించబడిన ఆ జాతివానిని చంపవద్దని టిపూ సుల్తాన్ తల్లి కోరగా ప్రాణాలు దక్కినవని ఆ సమాజం వారు చెప్పుకుంటారు. ఈ కథ మన చెవికి ఇంపైనది. అందుచేతనే దానిని దస్తావేజుగా కాక, నోటిమాటగానే స్వీకరించడం న్యాయం.

తిరిగివచ్చిన దివేకర్ 1796లో మాండ్వీ ప్రాంతంలో ప్రార్థనాలయం కట్టించాడు. హీబ్రూలో దాని పేరు 'షాఅర్ హా రహమీమ్', అనగా కరుణా ద్వారం. మన 'రహమత్' అందులో వినబడుటలేదా? మరాఠీ మాట్లాడే ఆ యూదులు మాత్రం దానిని 'మస్జిద్' అనియే పిలిచారు. తరువాత మరొకటి కట్టుకున్నాక ఇది 'జూనీ మస్జిద్', అంటే పాత మస్జిద్ అయినది.

ఆ తొలి కట్టడం ఇప్పుడు లేదు. 1860లో ప్రార్థనాలయాన్ని నేటి స్థలంలో కట్టారు. 1880లో ప్రిన్సెస్ డాక్ తెరవబడి సరుకు అటు మళ్ళినది. 1896లో నగరంలో ప్లేగు మొదట బయటపడినది ఈ మాండ్వీలోనే. ఆ భయంతో 1898లో ఏర్పడిన ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ఇరుకు ఇండ్లు కూల్చి, శాండ్‌హర్స్ట్ రోడ్డు వంటి వెడల్పు బాటలు వేసినది. 1948 తరువాత బెనే ఇస్రాయీల్ అత్యధికులు ఇస్రాయీల్ దేశానికి తరలిపోయారు. పేట టోకు బజారుగా మిగిలినది. దివేకర్ జ్ఞాపకం సామ్యూల్ స్ట్రీట్ అనే పేరులో ఉన్నది.

యూదులు తమ ఆలయాన్ని మస్జిద్ అనడం వింతగా తోచనక్కరలేదు. సజ్దా చేయు చోటు మస్జిద్. 'బనీ ఇస్రాయీల్' అనే పేరు కూడా గల 17వ సూరాలో యెరూషలేములోని వారి ఆలయాన్ని దివ్యగ్రంథం మస్జిద్ అనియే పేర్కొన్నది. దైవనామం స్మరించబడే స్థలాల రక్షణను చెప్పిన హజ్ సూరా 40వ ఆయతులో మస్జిద్‌లతోపాటు చర్చిలు, యూదుల ప్రార్థనాలయాలు కూడా ఉన్నవి. కనుక ఆ స్టేషను పేరు చూపి, అక్కడ ముస్లిముల మస్జిద్ ఒకటి పోయినదని ఎవరైనా అంటే, ఆ మాటను మనమే దిద్దవలసియున్నది.