సెలవు నియమాల్లో లేని వయసు



మన సభల్లో డి.ఏ. గురించి, మెడికల్ బిల్లుల గురించి ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఈ ఒక్క సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఆడవారికి ముట్లుడిగే వయసు, అంటే మెనోపాజ్, నౌకరీలో ఉండగానే వస్తుంది. ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనులో చాలా ఏళ్లు సెలవుల లెక్కలు రాసినవాడిగా నాకు తెలిసింది మనవి చేస్తున్నాను.

1970 దశకంలో నేను చేరేనాటికి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో నేను చూసిన తాలూకా ఆఫీసుల్లో ఆడవారు ఒకరో ఇద్దరో ఉండేవారు. 1984 జనవరి 2న ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఉద్యోగ నియామకాల్లో మహిళలకు 30 శాతం కేటాయిస్తూ జీ.వో. నెం. 2 ఇచ్చింది. దానిపై వివాదం నడిచి, ఆ ఏర్పాటు చెల్లుతుందని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఈలోగా 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. నల్లగొండలో 59, మహబూబ్‌నగర్‌లో 64. నేను చూసిన మండల ఆఫీసులు చాలావరకు అద్దె ఇండ్లలో నడిచేవి. మరుగుదొడ్డికి తలుపుంటే నీళ్లుండవు, నీళ్లుంటే గొళ్లెం ఉండదు.

ఆ రోజుల్లో పాతికేళ్ల వయసులో చేరిన ఆడవారు 2005-2010 నాటికి 45 దాటారు. మన దేశంలో సాధారణంగా 45-50 ఏళ్ల మధ్య ముట్లుడుగుతాయి. అంతకు కొన్నేళ్ల ముందు నుంచే నెలసరి గతి తప్పుతుంది, కొందరికి విపరీతంగా అవుతుంది. ఒంట్లోంచి ఆవిర్లు, రాత్రుళ్లు చెమటలు, నిద్ర పట్టకపోవడం, మతిమరుపు, చిరాకు. సెలవు చీటీల మీద మాత్రం జ్వరం, తలనొప్పి అనే ఉండేది. మగ ఆఫీసరుకు అసలు సంగతి ఎట్లా చెప్పుకుంటారు? చెప్పకపోతే "పనిమీద శ్రద్ధ తగ్గింది" అని కాన్ఫిడెన్షియల్ రిపోర్టుకు ఎక్కుతుందని భయం. తట్టుకోలేక వాలంటరీ రిటైర్మెంటు పెట్టుకున్నవారు నాకు తెలుసు. సర్వీసు తగ్గితే పింఛను ఎంత తగ్గుతుందో మనకు వేరే చెప్పనక్కర్లేదు.

నియమాల పుస్తకం ఆడవారిని అసలే పట్టించుకోలేదని అనలేం. గర్భస్రావానికి 6 వారాలు, ట్యూబెక్టమీకి 14 రోజులు ఇచ్చింది. 1996లో మహిళా టీచర్లకు ఏటా 5 రోజుల అదనపు క్యాజువల్ లీవు వచ్చింది. 2010లో ప్రసూతి సెలవు 180 రోజులైంది. తొమ్మిదో వేతన సవరణ సంఘం సిఫారసు మీద, గర్భసంచి తీయించుకున్న ఉద్యోగినికి 45 రోజుల ప్రత్యేక సెలవు ఇస్తూ 2011 ఏప్రిల్ 1న జీ.వో. నెం. 52 వెలువడింది. మంచిదే. కాని ఆపరేషన్ అయితే సెలవుంది, సహజంగా ముట్లుడిగే మనిషి బాధకు ఒక్క వాక్యమూ లేదు. బీహారులో 1992లోనే ఉద్యోగినులకు నెలకు 2 రోజుల ప్రత్యేక సెలవు ఇచ్చారు. అదీ 45 ఏళ్ల లోపు వారికే!

ఇక్కడొక హెచ్చరిక. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయి. దానితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే మెనోపాజ్ ఒక్కసారిగా మీద పడుతుంది, ఎముకలు తొందరగా బలహీనపడతాయి. "తీసేయిస్తే పీడ పోతుంది" అన్న మాట నమ్మి తొందరపడకుండా ఇద్దరు డాక్టర్లను అడగడం మేలు.

జీ.వో. రాకపోయినా చేయగలిగినవి ఉన్నాయి. ఒక ఆఫీసులో మా సూపరింటెండెంటు గారు ఎవరినీ ఏమీ అడగకుండా ఒక సీనియర్ అసిస్టెంటు మేడం సీటును కిటికీ పక్కకు, ఫ్యాను కిందికి మార్పించారు. క్యాంపు డ్యూటీలు కొన్నాళ్లు మిగతావాళ్లం పంచుకున్నాం. ఆమె పూర్తి సర్వీసు చేసి రిటైరయ్యారు. సర్కారుకు పైసా ఖర్చు కాలేదు.

2021లో తెలంగాణలో రిటైర్మెంటు వయసు 58 నుంచి 61 అయింది. అంటే ఉద్యోగినులు ఈ వయసు దాటాక కూడా పదేళ్లకు పైగా పని చేస్తారు. వారిలో మన బిడ్డలు, కోడండ్లు ఉన్నారు. వేతన సవరణ సంఘాలకు మనమిచ్చే వినతిపత్రాల్లో గొళ్లెం, నీళ్లు ఉన్న మరుగుదొడ్డి, అవసరమైనప్పుడు గంట పర్మిషను, ఏటా కొన్ని రోజుల ప్రత్యేక సెలవు చేర్చాలని నా విన్నపం. 45 రోజుల సెలవు అట్లా వచ్చిందే గదా. ఇండ్లలో మగవారు ఈ మాట వినడానికి సిగ్గుపడకుంటే అదే మొదటి సాయం.