సభకు చోటు

ఖమ్మము పట్టణమున ఒక సేవాసంఘము వారి హాలునకు వచ్చిపడు ప్రశ్నలను ఒక్క పూట శ్రద్ధగా వినినచో ఆ ఊరి జీవనము సగము తెలిసిపోవును. మాఘమాసపు ముహూర్తము నాటికి హాలు ఖాళీగా నుండునా, బాడుగ యెంత, డిపాజిట్టు తిరిగి యెన్నడిత్తురు, వంటవారికి వెనుకవైపు చోటున్నదా, జనరేటరు ఖర్చు ఎవరిది అని యడుగువారు కొందరు. కంటి శిబిరము ఎప్పుడు, శవమును రాత్రికి ఉంచుటకు ఫ్రీజరు పెట్టె దొరకునా, వైకుంఠరథము మా పల్లె వరకు వచ్చునా అని యడుగువారు మరికొందరు. వీనిలో చరిత్రకారుని ఆకర్షింపదగిన విశేషమేమున్నదని తోచుట సహజము. కాని అడుగువాడు తన కులము చెప్పనక్కరలేదు. సభలో తానేమి పలుకబోవునో ముందుగా అధికారికి విన్నవించుకొననక్కరలేదు. ఈ రెండు సౌలభ్యములును ఈ సీమవారికి ఊరక లభింపలేదు.

పూర్వము పదిమంది ఒకచోట చేరుటకును తల దాచుకొనుటకును ఉన్నవి గుడిమండపములు, సత్రములు మాత్రమే. నేలకొండపల్లి వాస్తవ్యుడును పాల్వంచ తహసీలుదారుడును అయిన కంచెర్ల గోపన్న సర్కారు సొమ్ముతో భద్రగిరిపై ఆలయము కట్టించి గోలకొండ చెరసాల పాలైన కథ తెలుగువారికి క్రొత్త కాదు. ఆ ఆలయము వెలసిన పిమ్మట దాని చుట్టును సత్రములు పెరిగినవి. అడవిదారిని బండ్లపై వచ్చి, పడవలపై గోదావరి దాటిన యాత్రికునకు పట్టెడన్నమును పడుకొన చాపయు నిచ్చినవి అవియే గనుక, వానిని కట్టించిన దాతల ఔదార్యమును తక్కువ చేయుట న్యాయము కాదు. అయినను ఆ ఔదార్యమునకు ఒక గడప యుండెను. ఏ ఊరివారు, ఎవరివారు అను ప్రశ్నకు తగిన సమాధానము చెప్పిన పిదపనే తలుపు తెరచుకొనెడిది. కులముల పేర వెలసిన సత్రములు భద్రాచలమున నేటికిని కలవు. ఇక ఆ కొండల నడుమనే పుట్టి పెరిగిన కోయలకు సత్రముతో పనియే లేదు; గూడెపు పెద్దల యెదుట ఆరుబయట కూర్చుండి తగవులు తీర్చుకొనుట వారి ఆచారము.

కులము నడుగని చోటు మొదట గ్రంథాలయ రూపమున వచ్చినది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును వెలసిన పిదప, ఆ గాలి క్రమముగా తూర్పు తాలూకాల వరకు వీచెను. 1925లో నిజాము రాష్ట్రపు ఆంధ్ర గ్రంథాలయ మహాసభ పింగళి వెంకటరామారెడ్డి అధ్యక్షతన ఖమ్మమునకు చేరువనున్న మధిరలోనే జరిగినది. ఆ కాలపు గ్రంథాలయము పేరునకు పుస్తకముల గది. నాలుగు బీరువాలను గోడకు జరిపినచో అదియే సభాశాల, అదియే రాత్రిబడి.

అంతలో నిజాము సర్కారు వారు తమ ప్రశ్నలతో వచ్చిరి. 1921లో హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలలో, మహర్షి కర్వే అధ్యక్షతన జరిగిన సంఘసంస్కార సభలో, ఆలంపల్లి వెంకటరామారావు తెలుగున మాటలాడబోగా కొందరు గేలిచేసి కూర్చుండబెట్టిన అవమానము నుండి ఆంధ్రజన సంఘము పుట్టిన సంగతి సుప్రసిద్ధము. హాలు దొరకినంత మాత్రమున తన భాషకు చోటు దొరకదని ఆ రాత్రి పెద్దలకు తెలిసివచ్చెను. పిమ్మట ఆ సర్కారు నుండి వచ్చిన యాభైమూడవ నంబరు గస్తీ అనగా, రాజకీయములతో పొత్తు లేని సభకు సైతము ముందుగా అనుమతి పొందవలెనను ఉత్తరువు. ఊరిలో పెద్దమనిషి తన ఇంటి ముంగిట పందిరి వేయించుటకు సిద్ధపడినను, తాలూకా కచేరీ నుండి కాగితము రానిదే ఆ పందిరి క్రింద ఎవరును నోరు మెదపరాదు. ఆంధ్రజన సంఘము నుండి పెరిగిన ఆంధ్రమహాసభ 1930లో జోగిపేటను, 1931లో దేవరకొండను జరిగిన పిదప మూడేండ్ల వరకు సమావేశమే లేకపోయెను. ఆ మౌనమును భంగపరచిన ఊరు ఖమ్మము. 1934లో పులిజాల వెంకటరంగారావు అధ్యక్షతన మహాసభయు, ఆ వెంటనే యెల్లాప్రగడ సీతాకుమారి అధ్యక్షతన మహిళాసభయు అచట జరిగినవి. పురుషులకే సభాస్వాతంత్ర్యము కొరవడిన దినములలో స్త్రీలు వేరుగా వేదిక నధిష్ఠించుట నా దృష్టిలో మహాసభ కంటె గొప్ప విషయము. 1945లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన మహాసభ మరల ఖమ్మమునకు వచ్చునప్పటికి జనుల ధోరణియే మారిపోయియుండెను.

విచిత్రమేమనగా, గోదావరికి ఆవలి ఒడ్డున ఈ గస్తీ చెల్లకుండెను. 1860లో నిజాము ఆంగ్లేయుల కప్పగించిన భద్రాచలము 1874 నుండి మద్రాసు రాజధానిలో చేరి, ఏజెన్సీ పాలనలో నుండెను. రాముని కల్యాణమునకు నది దాటిన ఖమ్మము వాసి, నడిమధ్యను తన ప్రభువును కూడ దాటుచుండెను! 1953లో ఖమ్మము వేరు జిల్లాయై, 1959లో భద్రాచలము దానిలో కలిసినది.

నేటి సేవాసంఘముల వంశవృక్షము వేరు. రోటరీ 1905లో చికాగోనగరమున పుట్టినది. 1917లో అచటనే పుట్టిన లయన్సు సంఘము 1956లో బొంబాయి చేరినది. 1961లో హైదరాబాదున ఆర్యవైశ్యులు వాసవీ క్లబ్బును స్థాపించిరి. సత్రములు కట్టించిన పాత చేయియే ఇచట క్రొత్త అంగీ తొడుగుకొన్నదని నా ఊహ.

ఇట్టి హాళ్లకు అసలు పరీక్ష పెండ్లిండ్ల రద్దీ కాదు, వరద. భద్రాచలము కడ గోదావరి నలువదిమూడడుగులకు మొదటి హెచ్చరిక, నలువదియెనిమిదికి రెండవది, ఏబదిమూడునకు మూడవది. 1986 ఆగస్టులో ఆ మట్టము 75.6 అడుగులకు, 2022 జూలైలో 71 అడుగులకు పైగా పోయెను. 2022 నాటి వరద ముహూర్తములు లేని ఆషాఢమున వచ్చెను గాని, 1986 నాటిది పెండ్లిండ్లు ముమ్మరముగా జరుగు శ్రావణములోనే వచ్చినది. మూడవ హెచ్చరిక వినబడగానే పల్లపు వాడలవారు మూటముల్లెలతో బడులకును హాళ్లకును తరలుదురు. అప్పుడు బాడుగ మాట ఎవరును ఎత్తరు. పసిబిడ్డకు పాలు దొరకునా, ఆడవారికి మరుగు కలదా, రాత్రికి దీపముండునా అని మాత్రమే అడుగుదురు. పశువులను ఎక్కడ కట్టవలెనను ప్రశ్నకు మాత్రము హాలువారి యొద్ద సాధారణముగా సమాధానముండదు; కావుననే ఇంటిలోనివారిని హాలునకు పంపి, గొడ్లతో పాటు తాము గట్టుమీదనే నిలిచిపోవు రైతులు కొందరుందురు.