వినికిడి కణముల చరిత్ర

విశాఖపట్టణము ధ్వనుల నగరము. 1933 డిసెంబరు 19వ తేదీన రేవు ప్రారంభమైనది మొదలు కెరటముల ఘోషతో ఓడల కూతలును, క్రేనుల మ్రోతలును కలిసినవి. 1948 మార్చి 14వ తేదీన నెహ్రూ పండితుడు ‘జల ఉష’ను నీట ప్రవేశపెట్టిన ఓడల నిర్మాణశాలలో సుత్తిదెబ్బలు మ్రోగినవి. 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారము ఆ మ్రోతను మరింత పెంచినది. ఈ ధ్వనులు వేలాది కుటుంబములకు జీవనాధారములు. కాని వానిని వినుచున్న చెవి వానికి తాళగలదా?

ఈ ప్రశ్న మరియొక ఓడల నగరమున 1886లోనే పుట్టినది. స్కాట్లండులోని గ్లాస్గోలో థామస్ బార్ అను చెవివైద్యుడు, ఇనుపరేకులకు రివెట్లు బిగించు బాయిలరు పనివారిని నూరుమందిని పరీక్షించెను. సంపూర్ణమైన వినికిడి గలవాడు వారిలో ఒక్కడును కానరాలేదు.

చెడినదేమో తెలియుటకు అంతకుముందే మార్గము ఏర్పడియుండెను. 1851లో ఇటలీ దేశీయుడగు ఆల్ఫోన్సో కోర్టి, లోపలి చెవిలో నత్తగుల్లవలె చుట్టుకొనియున్న భాగమును సూక్ష్మదర్శినితో పరిశీలించి, అందు వరుసలు తీరిన కణములను వర్ణించెను. వీని కొనలపై సన్నని రోమములవంటివి ఉండును గనుక వీనిని రోమకణములందురు. ధ్వని సోకగానే ఆ రోమములు వంగును; ఆ వంపు విద్యుత్సంకేతమై నరము ద్వారా మెదడును చేరును. ఒక్కొక్క చెవిలో ఇవి సుమారు 15,000 మాత్రమే. రేడియోలో మనము వినుచున్న ప్రతి మాటయు ఈ ద్వారముననే లోనికి వచ్చుచున్నది.

ఇవి పుట్టు విధమును తెలిపినది ఒక చిన్న ఈగ. 1993లో పండ్లఈగలో ఒక జన్యువు బయటపడెను. అది లోపించిన ఈగకు కంపనములను గ్రహించు అవయవములు ఏర్పడవు. కావున దానికి ‘ఎటోనల్’, అనగా స్వరహీనము, అని పేరిడిరి. 1999లో అమెరికాలోని హ్యూస్టన్ నగరమున హుడా జోఘ్బీ బృందము, దానికి సాటియైన జన్యువును ఎలుకలలో తొలగించి చూచెను. లోపలి చెవి ఏర్పడినది గాని, అందు రోమకణము ఒక్కటియు లేదు!

గర్భస్థ శిశువునందు ఈ జన్యువు బలముగా పనిచేసిన కణము రోమకణమగును. అది ప్రక్క కణములను తనవలె కావలదని వారించును. అవి దానికి ఆధారకణములగును. వరుసలు అంత క్రమముగా తీరుటకు ఇదియే కారణము. పని ముగిసిన పిదప జన్యువు మిన్నకుండును.

పక్షులు మనకంటె అదృష్టవంతములు. వాని చెవులలో నశించిన రోమకణములు మరల మొలచునని 1988లో రెండు పరిశోధనలు చాటినవి. మనుష్యునకు ఆ భాగ్యము లేదు. ఈ జన్యువును మానవుల చెవిలో ప్రవేశపెట్టు ప్రయోగములు 2014లో మొదలైనను, అది ఇంకను చికిత్సగా స్థిరపడలేదు.

కావున ఉన్నవానిని కాపాడుకొనుటయే ఉపాయము. 90 డెసిబెల్ల ధ్వనిలో దినమునకు 8 గంటలకు మించి పనిచేయరాదని మన కర్మాగార నియమములు చెప్పుచున్నవి. చెవులకు రక్షణ ధరించుట పిరికితనము కాదు. ఈ నష్టము నొప్పి లేకయే, సన్నని స్వరములతో మొదలగును. పనివాడు దానిని గుర్తింపడు. అతడు ఇంట రేడియో ధ్వనిని నానాటికి పెంచుచున్నచో, ఇంటివారే ముందుగా గుర్తించి వైద్యునికడకు తోడ్కొనిపోవలెను.