అత్తో

అత్తో చెన్నైలో ప్రాచుర్యం పొందిన బర్మా తరహా నూడుల్స్ వంటకం. ఉడికించిన నూడుల్స్‌ను కూరగాయ ముక్కలు, చింతపండు రసం, వెల్లుల్లి నూనెలతో చేత్తో కలిపి పెడతారు. బర్మాలో ‘ఖౌస్వే తౌక్’గా పిలిచే వంటకం దీనికి మూలం. ప్యారిస్ కార్నర్ సమీపంలోని బర్మా బజారు ప్రాంతం అత్తో బండ్లకు పేరుపొందింది.

చరిత్ర

బ్రిటిష్ పాలనలో తమిళులు, తెలుగువారు కూలి పనులకు, వ్యాపారాలకు పెద్ద సంఖ్యలో బర్మాకు వలస వెళ్లారు. 1962లో జనరల్ నె విన్ సైనిక తిరుగుబాటుతో అధికారం చేపట్టాక వ్యాపారాలను జాతీయం చేశారు. 1964లో 50, 100 క్యాట్ల నోట్లను రద్దు చేశారు. బతుకుదెరువు కోల్పోయిన లక్షలాది మంది భారతీయులు స్వదేశానికి తిరిగివచ్చారు. వారిలో మద్రాసు చేరినవారి ఉపాధి కోసం 1969లో బీచ్ రైల్వే స్టేషన్ దగ్గర బర్మా బజారు ఏర్పడింది. దుకాణాలతో పాటు బర్మా వంటలూ నగరంలో స్థిరపడ్డాయి.

తయారీ

నారింజ రంగు నూడుల్స్‌ను ముందే ఉడికించి, నూనె పట్టించి ఉంచుతారు. గిరాకీ రాగానే గుప్పెడు నూడుల్స్ గిన్నెలో వేసి, సన్నగా తరిగిన క్యాబేజీ, పచ్చి ఉల్లిపాయ, వేయించిన ఉల్లిపాయ, ఉప్పు, కారం, చింతపండు రసం, వెల్లుల్లి నూనె చేర్చి కలుపుతారు. పైన ‘బేజో’ అనే కరకరలాడే పల్చటి అప్పాన్ని నలిపి చల్లుతారు. పులుపు, కారం, వెల్లుల్లి ఘాటు దీని ప్రధాన రుచులు. పెనం మీద వేయించి ఇచ్చే రకమూ ఉంది.

తోడు వంటకాలు

అత్తోతో పాటు వేడివేడి అరటి దవ్వ సూప్ ఇస్తారు. చేపలు, అరటి దవ్వతో చేసే బర్మా వంటకం మొహింగా దీనికి మూలం. ఉడికించిన గుడ్డును చీల్చి, వేయించిన ఉల్లి, కారం, చింతపండు రసం కూర్చి ఇచ్చే గుడ్డు మసాలాకూ గిరాకీ ఎక్కువే.

ప్రాచుర్యం

సాయంత్రమైతే హార్బరు, కోర్టు, టోకు బజార్ల ఉద్యోగులు, కార్మికులు, విద్యార్థులు ఈ బండ్ల దగ్గర చేరతారు. ఆంధ్రప్రదేశ్‌లో బర్మా నుంచి తిరిగివచ్చిన తెలుగువారు స్థిరపడిన విశాఖపట్నం బర్మా క్యాంపులోనూ ఖౌస్వే నూడుల్స్ దొరుకుతాయి.

సర్వస్వం వదులుకుని వచ్చిన కుటుంబాలు తమ కష్టంతో నగరానికి అందించిన వంటకం ఇది. చెన్నై ఆహార చరిత్రలో ఇడ్లీ, బిర్యానీల సరసన అత్తోకూ స్థానం దక్కాలి.