గుహలో పుట్టిన ఆట: లినక్స్‌పై సాహస క్రీడల చరిత్ర

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామిక వాడలలో లేత్ యంత్రంపై పనిచేసే టర్నరుకు ఒక సంగతి బాగా తెలుసు. విదేశం నుండి తెచ్చిన యంత్రంలో ఒక పళ్ళచక్రం విరిగినది. దానిని తయారుచేసిన కంపెనీ ఏనాడో మూతపడినది. అప్పుడు రెండే మార్గాలు వున్నాయి. ఆ చక్రం డ్రాయింగు చేతిలో వుంటే దానిని చూసి కొత్తది చేయవచ్చును. డ్రాయింగు లేకపోతే అరిగిన ముక్కనే కొలిచి, అరగకముందు అది ఎట్లా వుండేదో ఊహించి, తిరిగి చేయాలి. మొదటిది సులభం. రెండవదానికి ఓర్పు, కాలం, నేర్పు మూడూ కావాలి.

కంప్యూటరుపై ఆడే ఆటలకు కూడా ఇదే గతి పడుతుంది. ప్రతి ఆటకూ ఒక డ్రాయింగు వుంటుంది. రచయిత తనకు అర్థమయ్యే భాషలో వ్రాసుకున్న ఆదేశాల వరుసయే ఆ డ్రాయింగు. దానిని సోర్స్ కోడ్ అంటారు. కొనేవాని చేతికి వచ్చేది మాత్రం యంత్రానికి తప్ప మనిషికి అర్థం కాని అంకెల మూట. యంత్రం మారిన నాడు డ్రాయింగు దొరికిన ఆట బ్రతికినది. దొరకని ఆటను ఎవరో ఒకరు కొలిచి తిరిగి చేయవలసి వచ్చినది. లినక్స్‌పై సాహస క్రీడల చరిత్ర అంతా ఈ రెండు మాటలలో ఇమిడి వున్నది.

సాహస క్రీడ అనగా నేమి?

బాలనాగమ్మ కథలో మాయల మరాఠీ ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలుకలో వుంటుంది. బాలనాగమ్మ కొడుకు ఆ చోటు కనుక్కొని, అడ్డంకులు దాటి, చిలుకను పట్టుకుంటాడు. వినేవాడే ఆ కొడుకు స్థానంలో నిలబడి, ఎటు వెళ్ళాలో, ఏ వస్తువును ఎక్కడ వాడాలో తానే నిర్ణయించుకుంటే అది సాహస క్రీడ అవుతుంది. ఇందులో చేతివేగం కంటే ఆలోచన ముఖ్యం. ఇంగ్లీషులో అడ్వెంచర్ గేమ్ అనేది దీనినే.

ఈ జాతి ఆటలకు మూలపురుషుడు అమెరికాకు చెందిన విల్ క్రౌథర్. ఆయన వృత్తిరీత్యా కంప్యూటర్ నిపుణుడు. తీరిక వేళలలో గుహలను శోధించేవాడు. కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహలో తాను చూసిన దారులను ఆధారం చేసుకొని, తన కుమార్తెల కోసం 1975–76 ప్రాంతంలో ఒక ఆట వ్రాశాడు. అందులో బొమ్మలు లేవు. గుహలో ఏమి కనబడుతున్నదో కంప్యూటరు మాటలలో చెబుతుంది. ఆడేవాడు ఒకటి రెండు ఇంగ్లీషు మాటలలో ఆజ్ఞ ఇస్తాడు. 1977లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థి డాన్ వుడ్స్ దానిని విస్తరించాడు.

ఈ ఆటను పి.డి.పి.-10 అనే పెద్ద కంప్యూటరుకై ఫోర్ట్రాన్ భాషలో వ్రాశారు. ఆ యంత్రంలో ఒక గడిలో 36 బిట్లు పడతాయి. ఒక అక్షరానికి 7 బిట్ల చొప్పున ఒక గడిలో అయిదు అక్షరాలు ఇమిడేవి. అందువల్ల ఆట ప్రతి మాటలోనూ మొదటి అయిదు అక్షరాలనే చూసేది. అనగా ఆ యంత్రం కొలతలు ఆట ఎముకలలోకే ఎక్కినవి. కాని 1977లోనే జిమ్ గిల్లాగ్లీ దానిని యూనిక్స్ వ్యవస్థ కోసం సి భాషలోకి మార్చాడు. సి భాషలో వ్రాసినదానిని కొద్ది మార్పులతో వేరే యంత్రాలకు తరలించవచ్చును. 1983లో పి.డి.పి.-10 వంశపు కొత్త యంత్రం నిర్మాణాన్ని ఆ కంపెనీ విరమించుకున్నది. యంత్రం పోయినా ఆట మాత్రం మిగిలినది.

క్రౌథర్ వ్రాసిన తొలి ప్రతి పోయిందనే చాలాకాలం అనుకున్నారు. వుడ్స్ విద్యార్థిగా వున్నప్పటి ఖాతాకు తీసి వుంచిన నకలులో 2005లో అది దొరికినది. 2017లో మూలకర్తల అనుమతితో ఎరిక్ రేమండ్ ఈ ఆట తరువాతి రూపాన్ని ఓపెన్ అడ్వెంచర్ అనే పేరుతో అందరికీ విడుదల చేశాడు. దానిని నేడు ఏ లినక్స్ కంప్యూటరుపైనైనా ఆడవచ్చును.

లినక్స్ రాక

యూనిక్స్‌ను పోలిన, అందరికీ స్వేచ్ఛగా దొరికే వ్యవస్థను నిర్మించాలని 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రణాళికను ప్రకటించాడు. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ వ్రాసిన లినక్స్ దానికి గుండెకాయ అయినది. 1992లో అది గ్నూ లైసెన్సు కిందకు వచ్చినది. ఈ లైసెన్సు ప్రకారం డ్రాయింగును ఎవరైనా చూడవచ్చు, మార్చవచ్చు. మార్చినదానిని ఇతరులకు ఇచ్చేటప్పుడు డ్రాయింగునూ ఇవ్వాలి.

దాని వ్యాప్తికి నిదర్శనం సంగారెడ్డి జిల్లాలోనే వున్నది. హైదరాబాదు ఐ.ఐ.టి. 2008లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో ప్రారంభమై, 2015లో కందిలోని సొంత ప్రాంగణానికి మారినది. అక్కడ నెలకొల్పిన పరమ్ సేవ అనే సూపర్ కంప్యూటర్ శక్తి సెకనుకు 838 లక్షల కోట్ల గణనలు. అది నడిచేది లినక్స్‌పైననే. పాఠశాల గదిలోని పాత కంప్యూటరు కూడా అదే లినక్స్‌పై నడవగలదు.

అయినా ఆటల విషయంలో లినక్స్ చాలాకాలం వెనుకబడి వున్నది. బజారులో అమ్మే ఆటలు విండోస్ కోసమే తయారయ్యేవి. తెరపై బొమ్మ గీయడానికి, శబ్దం చేయడానికి ఆట విండోస్‌ను పిలిచే పిలుపులు వేరు, లినక్స్‌కు తెలిసిన పిలుపులు వేరు. 1998లో స్థాపించిన లోకీ అనే కంపెనీ విండోస్ ఆటలను లినక్స్‌కు తరలించి అమ్మజూచినది. అది నిలవలేక 2002లో మూతపడినది. కాని అక్కడ పనిచేసిన శామ్ లాంటింగా 1998లో ఆరంభించిన ఎస్.డి.ఎల్. అనే ఉపకరణాల పెట్టె బహిరంగంగా వుండడం చేత నిలిచినది. బొమ్మ, శబ్దం, మీటల పనిని అన్ని వ్యవస్థలలోనూ ఒకే విధంగా చేయించే ఆ పెట్టెను నేటికీ అసంఖ్యాకమైన ఆటలు వాడుకుంటున్నవి.

కొలిచి చేసిన చక్రం

1987లో లూకాస్ సంస్థ స్కమ్ అనే పద్ధతితో ఒక సాహస క్రీడను విడుదల చేసినది. ఇందులో కథ, బొమ్మలు, సంభాషణలు ఒక మూటగా వుంటాయి. వాటిని చదివి ఆడించే ఇంజను వేరుగా వుంటుంది. ఈ విభజన తరువాతివారికి వరమైనది. ఇంజను డ్రాయింగు లేకపోయినా, మూటను పరిశీలించి, ఆట నడిచే తీరును గమనించి, అదే పని చేసే కొత్త ఇంజనును వ్రాయవచ్చును గదా! 2001లో లుడ్విగ్ స్ట్రిగియస్, విన్సెంట్ హమ్ అనే ఇద్దరు ఈ పనికి పూనుకున్నారు. దాని పేరు స్కమ్‌విఎమ్. ఆట మూటను కొన్నవాడు దానిని లినక్స్‌పై పెట్టి ఆడుకోగలడు. కొత్తగా చేసినది ఇంజను మాత్రమే.

2003లో ఒక మేలు జరిగినది. బ్రిటన్‌కు చెందిన రెవల్యూషన్ సంస్థ తన 1994 నాటి ఆట 'బినీత్ ఎ స్టీల్ స్కై' సోర్స్ కోడ్‌ను ఈ బృందానికి అప్పగించి, ఆటను అందరికీ ఉచితం చేసినది. ముక్కను కొలిచేవారికి డ్రాయింగే దొరికినట్లయినది.

1993లో మొదలైన వైన్ దారి వేరు. అది ఒక్కొక్క ఆటకు ఇంజను చేయదు. విండోస్‌కు వచ్చే పిలుపులను తానే అందుకొని లినక్స్ పిలుపులుగా మారుస్తుంది. దీని ఆధారంగా వాల్వ్ కంపెనీ 2018లో ప్రోటాన్‌ను విడుదల చేసిన తరువాత వేలకొలది విండోస్ ఆటలు లినక్స్‌పై ఆడడం సాధ్యమైనది.

స్వతంత్ర రచయితలు

పెద్ద కంపెనీల అండ లేకుండా ఒకరిద్దరే కూడి చేసే ఆటలను ఇండీ ఆటలంటారు. సాహస క్రీడకు భారీ పెట్టుబడి కంటే కథ ముఖ్యం కనుక వీరికది అనువైనది. క్రిస్ జోన్స్ 1997లో ఆరంభించిన అడ్వెంచర్ గేమ్ స్టూడియో అనే సాధనంతో ఎందరో ఇటువంటి ఆటలు చేశారు. 2011లో దాని ఇంజను సోర్స్ కోడ్ బహిరంగమైనది. 2021లో స్కమ్‌విఎమ్ ఆ ఆటలను సైతం ఆడించడం మొదలుపెట్టినది.

2010 మే నెలలో హంబుల్ ఇండీ బండిల్ పేరిట ఒక ప్రయోగం జరిగినది. లినక్స్‌పై కూడా నడిచే కొన్ని ఆటలను కట్టగా కట్టి, కొనేవారినే వెల నిర్ణయించమన్నారు. లినక్స్ వాడేవారు సగటున విండోస్ వారికంటే ఎక్కువ చెల్లించారు. లినక్స్ వారు అన్నీ ఉచితంగానే కోరుతారన్న అపవాదు అంతటితో బలహీనపడినది. వసూళ్ళు పది లక్షల డాలర్లు దాటగా నాలుగు ఆటల సోర్స్ కోడ్‌లు బహిరంగమైనవి.

ఒకసారి నడిచిన ఆట ఎల్లకాలం నడవదు. 2019లో ఉబుంటు వారు 32 బిట్ల గ్రంథాలయాలను తొలగిస్తామని ప్రకటించారు. పాత ఆటలలో అనేకం వాటిపైననే ఆధారపడి వుండేవి. ఆడేవారి నుండి అభ్యంతరాలు రాగా, అవసరమైనవాటిని వుంచుతామని మాట మార్చుకున్నారు. ఆటకు అండగా నిలవడమంటే కొనడం మాత్రమే కాదు. ఎక్కడ ఆగినదో, ఏ యంత్రంపై ఆగినదో స్పష్టంగా వ్రాసి రచయితకు తెలపడం కూడా.

తెలుగు మాట

తొలి ఆటలు "దీపం తీసుకో" అనే ఆజ్ఞను ఇంగ్లీషు వరుసలో, క్రియ ముందుగా వుంటుందని నమ్మి చదివేవి. తెలుగులో క్రియ చివర వస్తుంది. "తాళంచెవితో తలుపు తెరువు" అన్నప్పుడు ఏ వస్తువుతో అన్నది 'తో' అనే ప్రత్యయంలో దాగి వుంటుంది. అందుచేత తెలుగు ఆజ్ఞలు చదివే ఇంజను మాటల తోకలను పరిశీలించాలి. లిపిది మరొక చిక్కు. 'స్త్రీ' అనేది చూపుకు ఒక్క అక్షరం. 1991 నుండి తెలుగుకు చోటిచ్చిన యూనికోడ్‌లో అది ఆరు సంకేతాల వరుస. ఒక సంకేతానికి ఒక బొమ్మ అనుకొని చేసిన పాత ఇంజను ఒత్తులను విడగొట్టి చూపుతుంది.

ఈ చిక్కులు విడిపోయినది డ్రాయింగు బహిరంగంగా వున్న చోటనే. కెనడాలో నివసించిన తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన అక్షర రూపాలు గ్నూ లైసెన్సుతో లినక్స్‌లో చేరినవి. 2005లో స్వేచ్ఛ సంస్థ అదే పేరుతో తెలుగు లినక్స్ వ్యవస్థను విడుదల చేసినది. ఒత్తులను సరిగా కూర్చే హార్ఫ్‌బజ్ అనే సాధనం 2023లో వచ్చిన గోడో 4 ఆటల ఇంజనులో భాగమైనది. గోడో ఉచితం. లినక్స్‌పై నడుస్తుంది. బాలనాగమ్మ కథను ఆటగా చేయదలచిన విద్యార్థికి లిపి ఇక అడ్డం రాదు.

పటాన్‌చెరులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్ విత్తన నిధిలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ మొదలైన పంటల నమూనాలు లక్షకు పైగా వున్నవి. చల్లని గదిలో దాచినంత మాత్రాన విత్తనం చిరకాలం బ్రతకదు. మొలకెత్తే శక్తి తగ్గినప్పుడు తిరిగి నేలలో చల్లి, కొత్త గింజ తీసి దాచాలి. ఆట సంగతీ అంతే. అలమారలో పెట్టిన డిస్కు ఆటను కాపాడదు. ప్రతి తరమూ దానిని తన యంత్రంపై తిరిగి మొలకెత్తించాలి. అందుకు విత్తనం కావాలి. ఆటకు ఆ విత్తనం సోర్స్ కోడే.