పొట్టివాళ్ళ లెక్క

నా చిన్నప్పుడు బడిలో అందరికన్నా పొట్టివాణ్ణి నేనే. దిష్టి తగిలిందని మా అమ్మ తాయెత్తు కట్టించింది. "మన వంశమే పొట్టి" అనేవాడు మా నాన్న. ఇంట్లో పాలూ పప్పూ చాలడం లేదన్న మాట మాత్రం ఎవరూ అనలేదు.

రిటైరయ్యాక ఈ కొలతల చరిత్ర చదివితే, పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా ఇంచుమించు అదే ధోరణిలో మాట్లాడారని తెలిసింది. పేద దేశాల్లో కొంచెం పొట్టిగా ఉన్న పిల్లల్లో చాలామంది ఆరోగ్యంగానే ఉన్నారని 1982లో అమెరికన్ ఆర్థికవేత్త డేవిడ్ సెక్లర్ వాదించాడు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు అంతకుముందు డైరెక్టర్‌గా పనిచేసిన సి. గోపాలన్ ఆ వాదాన్ని గట్టిగా ఖండించారు. పేదలకో ప్రమాణం, డబ్బున్నవాళ్ళకో ప్రమాణం ఏమిటన్నది ఆయన అభ్యంతరం.

నేను డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసినవాణ్ణి. స్టోర్లో సరుకు తగ్గినప్పుడు లెడ్జర్‌లో నిల్వ అంకె దిద్దేస్తే లోటు మాయమౌతుంది. సరుకు మాత్రం రాదు.

మరి మన పిల్లల ఎదుగుదలే వేరా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997-2003 మధ్య బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికాల్లో తల్లిపాలు తాగి, మంచి పరిస్థితుల్లో పెరుగుతున్న పిల్లల్ని కొలిచింది. మన దేశం నుంచి దక్షిణ ఢిల్లీ పిల్లలు. పొడవులో కనిపించిన తేడాల్లో దేశాల మధ్య ఉన్నది సుమారు 3 శాతమే. ఒకే చోట పిల్లకీ పిల్లకీ మధ్య ఉన్నది 70 శాతం. 2006లో వచ్చిన ప్రమాణాలకు ఇదే ఆధారం.

అయితే అవి 5 ఏళ్ళ లోపు వారికే. బడి పిల్లల కోసం 2007లో ఇచ్చిన పట్టికలు ప్రధానంగా 1977 నాటి అమెరికన్ కొలతలను సవరించి చేసినవి. కాబట్టి వాటిని ప్రశ్నించడం తప్పు కాదు. 2015లో భారత పిల్లల వైద్యుల సంఘం 5-18 ఏళ్ళకు సొంత పట్టికలు తెచ్చింది. వాటిలో బి.ఎమ్.ఐ. హద్దును పెద్దల 25, 30లకు బదులు 23, 27లకు సరిపడేలా తగ్గించింది. మనవాళ్ళకు తక్కువ బరువులోనే షుగర్ వంటి జబ్బులు వస్తున్నాయన్న ఆధారంతో చేసిన మార్పు అది. అంటే అక్కడ కొలబద్దను మార్చింది ప్రమాదాన్ని ముందే పట్టుకోవడానికి, దాచడానికి కాదు.

నా పొట్టితనంలో వంశం వాటా ఎంత, తిండి వాటా ఎంత అన్నది ఇప్పుడు తేల్చలేం. ఒక్క మనిషిని చూసి అది చెప్పడం శాస్త్రం కాదు. కానీ ఒక ఊరి పిల్లలంతా పొట్టిగా ఉంటే, వంశం పేరెత్తే ముందు వాళ్ళ కంచాల్లో ఏముందో చూడొద్దా?