దుబాసీగారి పల్లకీ

జరిగి కూర్చోండిరా, భోగి మంట ఇంకా బాగానే ఉంది. ఈ పుదుచ్చేరి కదిర్కామంలో పక్కింటివాళ్లు పాత చాపలు వేసేసి ఎవరి పనిమీద వాళ్లు పోతారు. తెల్లారేదాకా కబుర్లు చెప్పుకునేది మన యానాం వాళ్లమే.

పెద్దోడా, నీకు ప్రమోషనొచ్చాక ఆఫీసులో అందరూ లేచి నిలబడుతున్నారటగా? మీ అమ్మ మురిసిపోతూ చెప్పింది. మంచిదే. అయితే ఈ ఊళ్లో నీకంటే పెద్ద కుర్చీలో కూర్చున్నవాళ్ల సంగతి చెప్తా, విను.

ఫ్రెంచివాళ్ల కాలంలో గవర్నరు తర్వాత గవర్నరంతటివాడు దుబాసీ. బేరాలూ రాయబారాలూ అన్నీ అతని నోటిమీదే నడిచేవి. నైనియప్ప పిళ్లై అలాంటివాడే. డబ్బుకి లోటు లేదు, మాటకి తిరుగు లేదు. 1716లో ఎబేర్ అనే గవర్నరుకి అతనంటే గిట్టక ఖైదులో వేయించాడు. యాభై కొరడా దెబ్బలు, ఆస్తి జప్తు. మరుసటేడు ఆ ఖైదులోనే పోయాడు. తర్వాత తప్పు లేదని తేల్చారులే, పోయినవాడికి దానివల్ల ఏం లాభం? కొడుకు గురువప్ప ఫ్రాన్సు దాకా వెళ్లి, కిరస్తానంలో కలిసి, షెవాలియే బిరుదుతో తిరిగొచ్చి అదే కుర్చీ ఎక్కాడు. అయ్యని మింగిన కుర్చీ మళ్లీ ఎందుకురా అని అడిగేవాడే లేకపోయాడు!

ఆ నైనియప్ప బావమరిది కొడుకే మన ఆనందరంగ పిళ్లై. 1709లో మద్రాసు దగ్గర పెరంబూరులో పుట్టాడు. బట్టల వ్యాపారం, పోకచెక్కల వ్యాపారం, ఆనందపురవి అని సొంత ఓడ. 1747లో గవర్నరు డ్యూప్లే దొర దగ్గర పెద్ద దుబాసీ అయ్యాడు. గవర్నరు బంగళా ఆవరణలోకి పల్లకీ మీదే వెళ్లొచ్చు, చెప్పులు విప్పక్కర్లేదు, చేతిలో బంగారు పొన్నుకర్ర. మన కస్తూరి రంగకవి ఏకంగా ఆయన పేరుమీద ఆనందరంగరాట్ఛందమని తెలుగులో ఛందస్సు గ్రంథమే రాశాడు. కవులు ఊరికే వస్తారా? చేతిలో ఏదో పడుతుందనేగా.

పొగడ్తంటే ఆయనకి చెవి కోసుకునేంత ఇష్టం. ఎవరు ఎలా పొగిడారో డైరీలో వివరంగా రాసుకున్నాడు. 1736 నుంచీ చివరిదాకా రాసిన ఆ డైరీలో సరుకుల ధరలు, దొరల తగాదాలు, నవాబుల చావులు, తన భయాలు అన్నీ ఉన్నాయి. రోజూ రాత్రి తన లెక్క తాను చూసుకునేవాడికి తల మరీ తిరగదు. ఆయన్ని కాపాడింది డబ్బు కాదు, ఆ అలవాటేనని నేనంటాను.

డ్యూప్లేకి అలాంటి అలవాటున్నట్టు లేదు. 1750 చివర్లో ముజఫర్ జంగ్‌ని ఇక్కడే నిజాం గద్దెమీద కూర్చోబెట్టినప్పుడు ఈ దొర కూడా మొగలాయి దుస్తులు తొడుక్కుని నవాబుల్లో నవాబై కూర్చున్నాడు. కొత్త నిజాం రెండు నెలలు తిరక్కుండానే మన రాయచోటి దగ్గర చచ్చిపోయాడు. డ్యూప్లేని 1754లో వెనక్కి పిలిపించేశారు. ఫ్రెంచి కంపెనీ తనకు లక్షలు బాకీ ఉందని తొమ్మిదేళ్లు తిరిగి తిరిగి, 1763లో పారిస్‌లో పోయాడు, చేతిలో చిల్లిగవ్వ లేకుండా. తర్వాత 1870లో విగ్రహం మాత్రం పెట్టారు. మీరు బీచ్‌కెళ్లినప్పుడల్లా చూస్తారుగా, అదే.

రంగపిళ్లైనీ 1756లో తీసేశారు. 1761 జనవరిలో పట్టణం ఇంగ్లీషువాళ్లకి చిక్కిన రోజుల్లోనే పోయాడు. ఆయన ఇల్లు మార్కెట్టు పక్కన ఆయన పేరున్న వీధిలోనే ఉంది, ఈసారి ఊళ్లోకెళ్లినప్పుడు చూపిస్తాను.

ఆయనంటే నాకు గౌరవమే. కానీ ఒక్క సంగతి మింగుడుపడదు. 1748 సెప్టెంబరులో ఇంగ్లీషువాళ్లు ఊరిని ముట్టడించినప్పుడు, అదను చూసి ఫ్రెంచివాళ్లు వేదపురీశ్వరుడి గుడి కూలగొట్టించారు. ఆ గుడి పోవాలని పాదిరీలకి ఎన్నాళ్లనుంచో కోరిక, డ్యూప్లే దొరసాని వాళ్ల పక్షం. గుడి పెద్దలు ఏడుస్తూ రంగపిళ్లై దగ్గరికొచ్చారు. ఇప్పుడు అడ్డుకుంటే లాభం లేదు, ఉత్సవ విగ్రహాలన్నా కాళహస్తీశ్వరుడి గుడికి చేర్చుకోండని చెప్పి పంపించాడు. తెలివైన సలహాయే, కాదనను. కానీ పల్లకీ మీద బంగళాలోకి వెళ్లగలిగినవాడు ఆ రోజు పల్లకీ ఎక్కి దొర ఎదుటికెళ్లి ఒక్క మాట గట్టిగా అనలేకపోయాడు. కుర్చీ ఉన్నవాడికే కుర్చీ పోతుందన్న భయమెక్కువరా. ఆ పని నాకు నచ్చలేదు. అయినా అది కూడా దాచకుండా రాసిపెట్టాడు. ఈ సంగతి ఇంత వివరంగా మనకి తెలిసింది ఆయన చేతిరాతవల్లే.